బొమ్మల్లోంచి, కవితల్లోంచి పుట్టిన పియానో సంగీతం: తరచుగా అడిగే ప్రశ్నలు

బొమ్మ చూసి పియానో సంగీతం రాయడమంటే ఏమిటి?

ఒక పెయింటింగో, శిల్పమో, కవితో, పాత కథో, నీళ్ల చప్పుడో, పిట్ట కూతో స్వరకర్త మనసులో పడి, అక్కడి నుంచి పియానో పీస్‌గా బయటికి రావడం. యూరప్‌లో ఇలాంటి సంగీతాన్ని 'ప్రోగ్రామ్ మ్యూజిక్' అంటారు. ఆ మాటను బాగా ప్రచారంలోకి తెచ్చినవాడు 19వ శతాబ్దపు స్వరకర్త, పియానిస్టు ఫ్రాంజ్ లిస్ట్. ఇందులో పాడే సాహిత్యం ఉండదు. మనకు దొరికే ఆధారం పేరు ఒక్కటే, కొన్నిసార్లు దాంతోపాటు స్కోర్ మీద, అంటే స్వరాలు రాసిన కాగితం మీద, ఉండే ఒకటి రెండు వాక్యాలు. మిగతా పనంతా పది వేళ్లు, ఒక పెడల్ చేయాలి. ఈ సంగీతంలో నాకు నచ్చేదే అది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ రాసిన 'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్'తో. పాశ్చాత్య సంగీతం ఇంతవరకు అస్సలు వినని వాళ్లకు కూడా నేను చెప్పేది ఇదే.

దీని వెనక ఒక చావు ఉంది. విక్టర్ హార్ట్‌మన్ అనే రష్యన్ ఆర్కిటెక్ట్, చిత్రకారుడు 1873లో 39 ఏళ్లకే హఠాత్తుగా పోయాడు. ముసోర్గ్‌స్కీకి మంచి స్నేహితుడు. ఇద్దరికీ మిత్రుడైన విమర్శకుడు స్తాసోవ్ పూనుకుని 1874 మొదట్లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హార్ట్‌మన్ పనులతో పెద్ద ప్రదర్శన పెట్టించాడు. సుమారు 400 బొమ్మలు, డిజైన్లు. ఆ ఏడాది జూన్‌లో ముసోర్గ్‌స్కీ మూడు వారాల్లో మొత్తం పీస్ రాసేశాడు.

ఇందులో పది బొమ్మలున్నాయి. వాటి మధ్య 'ప్రొమెనాడ్' అనే చిన్న భాగం మళ్లీ మళ్లీ వస్తుంది. అంటే హాల్లో ఒక బొమ్మ దగ్గర నుంచి ఇంకో బొమ్మ దగ్గరికి నడక. ఆ నడిచేది ముసోర్గ్‌స్కీనే. లెక్క వేసి చూడండి, ఒక బార్‌లో, అంటే లయలో ఒక ఆవర్తం లాంటి ముక్కలో, ఐదు దెబ్బలు, తర్వాతి బార్‌లో ఆరు. కుడి ఎడమ పాదాలతో సమంగా వేసే మార్చ్ కాదు. ఒకచోట ఆగి, ఇంకోచోట కాస్త తొందరపడే మనిషి నడక. మొదటిసారి గట్టిగా, నిబ్బరంగా వస్తుంది. మొదటి బొమ్మ చూశాక మెత్తబడుతుంది. 'కేటకోంబ్స్' దగ్గర, అంటే పారిస్ కింద ఎముకలు పేర్చిన సొరంగాల బొమ్మ దగ్గర, ఆ నడక రాగం బొమ్మ లోపలికే వెళ్లిపోతుంది. పై స్థాయిలో కుడి చేయి సన్నగా వణుకుతూ ఉంటే, కింద ప్రొమెనాడ్ మైనర్‌లో, అంటే విషాదం ధ్వనించే స్వరాల అమరికలో, చనిపోయినవాడితో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. అప్పటిదాకా చూసేవాడు బయట, బొమ్మ గోడ మీద. ఇక్కడ ఆ దూరం పోతుంది. పీస్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఇదే. చివర్లో వచ్చే పెద్ద ద్వారం కన్నా కూడా.

హార్ట్‌మన్ బొమ్మలు ఇప్పుడు చూడొచ్చా?

కొన్నే. ప్రదర్శన అయ్యాక చాలా బొమ్మలు చెల్లాచెదురయ్యాయి, పోయాయి. ఈ పీస్‌లోని భాగాలకు కచ్చితంగా ముడిపెట్టగలిగినవి ఆరు మాత్రమే మిగిలాయి.

వాటిలో ఒకటి 'ట్రిల్బీ' అనే బాలే కోసం గీసిన దుస్తుల స్కెచ్. పిల్లలు గుడ్డు పెంకుల్లో దూరి, కాళ్లూ చేతులూ బయటపెట్టి, నెత్తిన పిట్ట తల టోపీ పెట్టుకుని ఉంటారు. 'పొదగని కోడిపిల్లల నృత్యం' దీన్నుంచే వచ్చింది. రెండు చేతులూ కీబోర్డ్ పై భాగంలోనే తిరుగుతూ, ప్రతి స్వరానికి ముందు చిటుక్కుమనే ఇంకో స్వరం తగిలిస్తూ వాయిస్తాయి. ఒకటిన్నర నిమిషం కూడా ఉండదు.

ఇంకోటి కీవ్ నగరానికి వేసిన ద్వారం డిజైన్. 1866లో రెండో అలెగ్జాండర్ చక్రవర్తి హత్యాయత్నం నుంచి తప్పించుకున్నందుకు గుర్తుగా కట్టాలనుకున్నారు, తర్వాత ఆ ఆలోచనే వదిలేశారు. కాగితం మీద రంగుల్లో చూస్తే అందమైన డిజైనే, కానీ ముసోర్గ్‌స్కీ వినిపించినంత భారీగా ఉండదు. కట్టని ద్వారం పియానోలో నిలబడిపోయింది.

ఇది ఆర్కెస్ట్రా పీస్ అనుకున్నాను. కాదా?

రాసింది పియానోకే. ఫ్రెంచ్ స్వరకర్త మోరిస్ రవెల్ 1922లో కండక్టర్ కూసెవిత్స్కీ అడిగితే ఆర్కెస్ట్రాకు మార్చాడు. ప్రపంచమంతా ఎక్కువగా విన్నది ఆ రూపాన్నే. అద్భుతమైన పని. అయినా ముందు పియానోలో వినండి.

ఒక కారణం చెబుతాను. 'బిద్వో' అనే భాగం పెద్ద చక్రాల ఎద్దుబండి గురించి. ముసోర్గ్‌స్కీ రాతప్రతిలో అది మొదటి స్వరం నుంచే చాలా గట్టిగా మొదలవుతుంది. బండి మన ముఖం మీదికి వచ్చేసినట్టు. ఆయన 1881లో చనిపోయాక, 1886లో స్కోర్ అచ్చు వేసినప్పుడు సాటి స్వరకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్ దాన్ని మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోయేలా మార్చాడు. దూరం నుంచి బండి వస్తున్నట్టు. రవెల్ చేతికి వచ్చింది ఆ అచ్చు ప్రతే. కాబట్టి ఆర్కెస్ట్రాలో మనం వినే దూరపు బండి ముసోర్గ్‌స్కీది కాదు. రాతప్రతిని అనుసరించిన ప్రచురణ 1931లో గానీ రాలేదు.

రికార్డింగ్ అడిగితే పియానిస్టు స్వియాతొస్లావ్ రిక్టర్ 1958లో సోఫియాలో ఇచ్చిన కచేరీది వినమంటాను. హాల్లో జనం దగ్గులు వినిపిస్తాయి, అక్కడక్కడా తప్పు స్వరాలూ పడతాయి. అవేవీ పట్టించుకోబుద్ధి కాదు.

అసలు పియానోలో బొమ్మ ఎలా వస్తుంది?

పియానోకు పెద్ద పరిమితి ఒకటుంది. కీ నొక్కగానే లోపల సుత్తి తీగను కొట్టి వెనక్కి వచ్చేస్తుంది. ఆ క్షణం నుంచి శబ్దం తగ్గడమే తప్ప పెరగదు. వయొలిన్‌లా స్వరాన్ని సాగదీయలేదు, వీణలా గమకం పలికించలేదు, రెండు పక్క స్వరాల మధ్య ఉండే దారి దీనికి లేదు. గొంతును అనుకరించాలంటే పియానో చాలా కష్టపడాలి.

గంట సంగతి వేరు. గంట కూడా అంతే కదా, ఒక్క దెబ్బ, ఆ తర్వాత మెల్లగా ఆరిపోయే మోత. అందుకే ఈ తరహా సంగీతంలో ఎక్కడ చూసినా గంటలే. కీవ్ ద్వారంలో గంటలు, లిస్ట్ రాసిన 'జెనీవా గంటలు', రవెల్ 'గంటల లోయ', ఫ్రెంచ్ స్వరకర్త డెబ్యుసీ రాసిన మునిగిన చర్చి. అంతమంది ఒకే సరదా పడ్డారని అనుకోను. వాద్యం తనకు చేతనైనదాన్ని వాళ్ల చేత రాయించుకుంది. నీళ్లు, అడుగుల చప్పుడు కూడా ఇలాంటివే. విడివిడి బొట్లు, విడివిడి అడుగులు సుత్తి దెబ్బకు సులువుగా లొంగుతాయి.

ఇక పెడల్. కుడి పెడల్ తొక్కితే తీగల మోతను ఆపే డాంపర్లన్నీ ఒక్కసారి లేస్తాయి. కొట్టిన తీగలే కాదు, కొట్టనివీ వాటితోపాటు మోగుతాయి. స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి అంచులు చెరిగిపోతాయి. పొగమంచు, నీడ, దూరం, నీటి అడుగు, ఇవన్నీ ఎక్కువగా ఈ పెడల్ పనే.

మునిగిన చర్చి అన్నారు. దాని కథేమిటి?

ఫ్రాన్స్‌లోని బ్రెటన్ తీరంలో ఈస్ అనే నగరం సముద్రంలో మునిగిపోయిందని పాత కథ. కొన్ని తెల్లవారుజాముల్లో అక్కడి చర్చి నీళ్లలోంచి పైకి లేస్తుందట. గంటలు, లోపలి ప్రార్థనలు వినిపిస్తాయట. తర్వాత మళ్లీ మునుగుతుంది. డెబ్యుసీ మొదటి 'ప్రెల్యూడ్స్' (చిన్న విడి పీసులు) సంపుటంలో, 1910లో, పదో పీస్ ఇది.

వినేటప్పుడు గమనించండి. మొదట అడుగు స్థాయిలో ఒక కార్డ్, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపు, మోగి ఆగిపోదు, దాని మీదుగా చేతులు రెండూ మెల్లగా పైకి ఎక్కుతాయి. ఆ కార్డ్స్‌లో మెత్తబరిచే స్వరాలు తీసేసి, పాత చర్చి గానంలా బోలుగా ఉంచాడు. స్కోర్ మీద 'మెత్తగా మోగే పొగమంచులో' అని రాశాడు. కొంతసేపటికి కింద 'సి' స్వరం పాతుకుపోయి మోగుతూ ఉంటే, పైన నిండైన సి మేజర్ కార్డ్స్‌తో ఆర్గాన్ వాయిస్తున్నట్టు చర్చి మొత్తం మన ముందు నిలబడుతుంది. ఆ తర్వాత అదే రాగం తిరిగి వస్తుంది, ఈసారి ప్రతిధ్వనిలా. ఎడమ చేయి అడుగున అలల్లా కదులుతూ ఉంటుంది. చర్చి నీళ్ల కిందికి వెళ్లిపోయిందని చెప్పడానికి రాగం మార్చలేదు, దాని కింద ఉన్నదాన్ని మార్చాడు. చాలా తెలివైన పని.

డెబ్యుసీ స్వయంగా వాయించి పియానో రోల్ మీద, అంటే వాయించింది రంధ్రాలుగా నమోదయ్యే కాగితపు చుట్ట మీద, దీన్ని నమోదు చేశాడు. అందులో కొన్ని భాగాలు అచ్చు స్కోర్ సూచించేదానికి రెట్టింపు వేగంతో నడుస్తాయి. చాలామంది పియానిస్టులు ఇప్పుడు అలాగే వాయిస్తున్నారు. మీరు వినే రికార్డింగులు ఒకటి ఆరు నిమిషాల లోపు, ఇంకోటి చాలా పొడుగ్గా ఉంటే ఒక కారణం ఇదే.

డెబ్యుసీ పేర్లు పీస్ చివర్లో రాశాడంటారు, నిజమేనా?

నిజం. రెండు సంపుటాల్లో 24 ప్రెల్యూడ్స్ ఉన్నాయి. ఒక్కోదానికి పైన అంకె మాత్రమే ఉంటుంది. పేరు ఆఖరి బార్ కింద బ్రాకెట్లలో, ముందు మూడు చుక్కలతో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముందు వాయించండి, వినండి, పేరు సంగతి తర్వాత అన్నట్టు. అతని మీద 'ఇంప్రెషనిస్ట్' అనే ముద్ర వేయడం కూడా అతనికి నచ్చలేదు.

ఈ పద్ధతే మీరూ పాటించి చూడండి. 'మంచులో అడుగులు' అనే ఆరో ప్రెల్యూడ్ పేరు చూడకుండా పెట్టుకోండి. రెండు స్వరాలు తడబడుతూ పైకి వెళ్లే ఒక చిన్న నడక పీస్ పొడవునా ఉంటుంది. ఆ లయకు గడ్డకట్టిన విషాదమైన ప్రదేశపు విలువ ఉండాలని స్కోర్ మీద డెబ్యుసీ రాశాడు. ఆ మాట తెలియకపోయినా చలి తెలుస్తుంది.

మూన్‌లైట్ సొనాటా వెన్నెల గురించే కదా?

బీథోవెన్ ఆ పేరు పెట్టలేదు. 1801లో రాసిన ఆ సొనాటాకు, అంటే కొన్ని భాగాలున్న ఆ వాద్య రచనకు, ఆయన ఇచ్చిన ఉపశీర్షిక 'దాదాపు ఒక ఫాంటసీలా' అని. లుడ్విగ్ రెల్‌స్టాబ్ అనే విమర్శకుడు మొదటి భాగాన్ని లూసర్న్ సరస్సు మీది వెన్నెలతో పోల్చాడు, జనం దాన్ని పట్టుకున్నారు.

షోపాన్ 'రెయిన్‌డ్రాప్' ప్రెల్యూడ్ కూడా అంతే. మయోర్కా ద్వీపంలో వానరాత్రి షోపాన్ ఒక ప్రెల్యూడ్ వాయిస్తుంటే అందులో చినుకులు వినిపించాయని ఆయనతో ఉన్న రచయిత్రి జార్జ్ సాండ్ రాసింది. చినుకుల్ని అనుకరించానన్న మాటకు షోపాన్‌కు కోపం వచ్చిందని కూడా ఆమే రాసింది. ఓపస్ (రచన సంఖ్య) 28లో 15వ దానిలో ఒకే స్వరం మొదటి నుంచి చివరి వరకు ఆగకుండా మోగుతుంది కాబట్టి ఆ పేరు దానికి అంటుకుపోయింది.

కాబట్టి పేరు చూడగానే అది స్వరకర్త పెట్టిందా, ప్రచురణకర్తదా, విమర్శకుడిదా అని చూసుకోవడం మంచి అలవాటు.

పేరు ముందా, సంగీతం ముందా?

ఒక్కొక్కరిది ఒక్కో దారి. షూమన్ 1838లో 'కిండర్‌షేనెన్' అనే చిన్నపిల్లల దృశ్యాలు రాశాడు. ట్రాయ్‌మెరై అనే ప్రసిద్ధమైన పీస్ అందులోదే. ఏడ్చే పిల్లవాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని స్వరాలు వెతికాడన్నట్టు రెల్‌స్టాబ్ విమర్శించాడు. అవును, ఆ రెల్‌స్టాబే. షూమన్‌కు ఒళ్లు మండింది. పేర్లు తర్వాత పుట్టాయని, వాయించే తీరుకు అవి చిన్న సూచనలు మాత్రమేనని ఒక ఉత్తరంలో జవాబిచ్చాడు.

రాఖ్మనినోవ్ ఇంకో రకం. 'ఎత్యూద్-తబ్లో' అనే చిత్ర-అభ్యాసాలు రెండు సెట్లు రాశాడు, 1911లో ఒకటి, 1916-17లో ఒకటి. పేరులోనే బొమ్మ ఉంది, కానీ ఏ బొమ్మో చెప్పలేదు. వినేవాళ్లు తమకు తోచింది ఊహించుకోవాలని ఆయన ఉద్దేశం. 1930లో ఇటాలియన్ స్వరకర్త రెస్పీఘీ వాటిలో ఐదింటిని ఆర్కెస్ట్రాకు మారుస్తున్నప్పుడు మాత్రం కొంచెం గుట్టు విప్పాడు. ఒకటి సముద్రం, సీగల్ పక్షులు. ఇంకోటి ఎర్ర టోపీ పాప, తోడేలు. ఆ రెండో పీస్ విన్నారంటే, ఎడమ చేయి అడుగునుంచి గుర్రుమంటూ వచ్చినప్పుడే తోడేలు మీకు తెలిసిపోతుంది.

కవితల నుంచి పుట్టినవి?

రవెల్ 1908లో రాసిన 'గాస్పార్ ద ల న్యుయీ'. అలోయిసియస్ బెర్ట్రాన్ గద్యకవితల్లోంచి మూడు తీసుకున్నాడు. నీటికన్య 'ఓండీన్', ఉరికొయ్య 'ల జిబే', రాత్రి గదిలోకి వచ్చే పొట్టి పిశాచం 'స్కార్బో'. చివరిదాన్ని, చాలా కష్టమని పేరున్న బలాకిరెవ్ పియానో పీస్ 'ఇస్లామే' కన్నా కష్టంగా రాయాలని పంతం పట్టి రాశాడు. వేళ్ల సామర్థ్యం చూపించడానికి స్కార్బోనే అందరూ ఎత్తుకుంటారు.

నేను మాత్రం మధ్యలో ఉన్న ఉరికొయ్య గురించే చెబుతాను. కవితలో సంధ్యాకాంతి పడి ఎర్రబడిన శవం వేలాడుతూ ఉంటుంది. దూరంగా, కనుచూపు అవతల ఉన్న ఊరి గోడల దగ్గర గంట మోగుతూ ఉంటుంది. రవెల్ ఆ గంటకు ఒకే ఒక స్వరం ఇచ్చాడు, బి-ఫ్లాట్, రెండు స్థాయిల్లో కలిపి. మొత్తం 52 బార్లు. ఆ గంట మొదటి బార్‌లో మొదలై చివరిదాకా ఆగదు. దాని చుట్టూ కార్డ్స్ మారుతుంటాయి, ఒక్కోసారి గంట వాటితో కలుస్తుంది, ఒక్కోసారి ఒరుసుకుంటుంది. చివరివరకూ తొందర వద్దు, నెమ్మదించనూ వద్దు అని స్కోర్ మీద ఆజ్ఞ. వాయించేవాళ్లకు ఇందులో టెన్షన్ వేగం వల్ల రాదు. చేతులు మిగతా స్వరాల కోసం కీబోర్డ్ అంతా తిరుగుతూ ఉండగా, ఆ గంటను ఏ వేలితో కొట్టినా ఒకే బరువుతో మోగించాలి. ఒక్కచోట కాస్త గట్టిగా పడినా గంట దగ్గరికి వచ్చేసినట్టవుతుంది, దూరం చెడిపోతుంది.

శిల్పం నుంచి కూడా సంగీతం వస్తుందా?

లిస్ట్ ఇటలీ యాత్రా సంపుటం వినండి, 1858లో అచ్చయింది. మొదటి పీస్ 'స్పొజాలిజియో' మిలాన్‌లో ఉన్న రఫయేల్ పెళ్లి పెయింటింగ్ నుంచి. రెండోది 'ఇల్ పెన్సెరోసో', ఫ్లారెన్స్ మెడిచీ సమాధి మందిరంలో మైకేలాంజిలో చెక్కిన ఆలోచనామగ్నుడి విగ్రహం నుంచి. కదలని రాయికి తగ్గట్టే రాగం చాలాసేపు ఒకే స్వరాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, కింద కార్డ్స్ మాత్రం రంగు మారుతుంటాయి. నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. లిస్ట్ అంటే మెరుపు వేగమే అనుకునేవాళ్లు ఇది తప్పక వినాలి.

ఇదంతా 19వ శతాబ్దంలో మొదలైందా?

కాదు. లైప్‌జిగ్‌లో బాఖ్ కన్నా ముందు పనిచేసిన యోహాన్ కునావ్ 1700లోనే బైబిల్ కథలతో ఆరు కీబోర్డ్ సొనాటాలు అచ్చు వేశాడు. దావీదు విసిరిన రాయి, గొలియాతు కూలిపోవడం స్వరాల పరుగులో తెలుస్తాయి. ఫ్రాన్స్‌లో రామో అనే స్వరకర్త, పియానోకు ముందటి కీబోర్డ్ వాద్యమైన హార్ప్సికార్డ్ మీద కోడిపెట్టను కూయించాడు.

భారతదేశం ఎక్కడైనా కనిపిస్తుందా?

డెబ్యుసీ రెండో సంపుటంలో ఏడో ప్రెల్యూడ్ పేరు 'వెన్నెల్లో కొలువుతీరే మేడ' అన్న అర్థం వచ్చేది. 1911 ఢిల్లీ దర్బార్ తర్వాతి రోజుల్లో ఫ్రెంచ్ పత్రిక 'లె తాం'లో భారతదేశం గురించి వచ్చిన ఒక రచనలోని మాట అది. డెబ్యుసీ ఇక్కడికి ఎప్పుడూ రాలేదు. ఒక్క వాక్యం చదివి రాసుకున్న ఊహ. అందులో మన రాగాల కోసం వెతక్కండి, ఆ పీస్‌లో ఉన్నది అతని వెన్నెలే.

20వ శతాబ్దపు ఫ్రెంచ్ స్వరకర్త మెసియాన్ సంబంధం ఇంతకన్నా గట్టిది. 13వ శతాబ్దపు శార్ఙ్గదేవుడి 'సంగీత రత్నాకరం'లోని దేశీ తాళాల పట్టికను శ్రద్ధగా చదివి, వాటి లయలను తన రచనల్లో వాడుకున్నాడు. ఆయన 'కాటలాగ్ దొయాజో', 1956-58 మధ్య పక్షుల కూతల మీద రాసిన 13 పీసులు, ఈ తరహా సంగీతంలో ఒక శిఖరం.

మన దగ్గర ప్రయాణం ఎదురు దిశలో నడిచింది. సంగీతం నుంచి బొమ్మ పుట్టింది. 18వ శతాబ్దపు హైదరాబాద్ చిత్రకారులు కూడా గీసిన రాగమాల బొమ్మల్లో తోడి రాగం వీణ పట్టుకున్న స్త్రీ, చుట్టూ చేరిన లేళ్లు. ముసోర్గ్‌స్కీ విన్న తర్వాత ఆ బొమ్మలు చూస్తే వేరేగా కనిపిస్తాయి.

నాకు పేరులో ఉన్న బొమ్మ కాకుండా ఇంకేదో కనిపిస్తోంది. తప్పా?

తప్పు కాదు. అసలు ఏ బొమ్మా కనిపించకపోయినా పరవాలేదు. నాకు చాలాసార్లు ఏమీ కనిపించదు, వినిపిస్తుంది, అంతే. పేరు తెలిశాక ఒక ప్రశ్న వేసుకోండి: ఆ బొమ్మను చెప్పడానికి ఇతను ఏ స్వరాన్ని ఎక్కడ పెట్టాడు? జవాబు వెతుకుతూ రెండోసారి వింటే, మొదటిసారి చెవిన పడనివి పడతాయి.

మా అమ్మాయి పియానో గ్రేడ్ పరీక్షలు రాస్తోంది. ఏవి వాయించొచ్చు?

మొదటి రెండు మూడేళ్లలో ఉంటే షూమన్ 1848లో రాసిన 'ఆల్బమ్ ఫర్ ద యంగ్', చైకోవ్‌స్కీ 1878 నాటి పిల్లల ఆల్బమ్. చైకోవ్‌స్కీదాంట్లో 24 చిన్న పీసులు, ఆటబొమ్మలు, గుర్రాలు, మంత్రగత్తె, అన్నీ ఉంటాయి. కాస్త ముందుకెళ్లాక కిండర్‌షేనెన్‌లో కొన్ని. చూడటానికి సులువుగా ఉంటాయి గానీ, లోపలి స్వరాలు వినబడేలా వాయించడం పెద్దవాళ్లకూ పనే. డెబ్యుసీ తన కూతురి కోసం రాసిన 'చిల్డ్రన్స్ కార్నర్' పై గ్రేడ్లకు. బార్టోక్ 'మైక్రోకాస్మోస్' ఆరో సంపుటంలో ఒక ఈగ డైరీ ఉంది, సాలెగూట్లో చిక్కుకుని బయటపడుతుంది. పిల్లలకు భలే నచ్చుతుంది, కాకపోతే అప్పటికి వేళ్లు బాగా తిరగాలి.

పీస్ మొదలుపెట్టే ముందే పేరు చెప్పి 'ఇది తోడేలు, ఇలా వాయించు' అనకండి. ఒక వారం వాయించనిచ్చి, నీకేమనిపించింది అని అడగండి.

స్కోర్లు ఉచితంగా దొరుకుతాయా?

ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో ముసోర్గ్‌స్కీ, లిస్ట్, షూమన్, డెబ్యుసీ, రవెల్ స్కోర్లు దొరుకుతాయి. భారత చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. రవెల్ 1937లో పోయాడు కాబట్టి ఇబ్బంది లేదు. మెసియాన్ 1992లో పోయాడు, ఆయనవి కొనుక్కోవాల్సిందే. ముసోర్గ్‌స్కీ డౌన్‌లోడ్ చేసేటప్పుడు రిమ్‌స్కీ-కోర్సకోవ్ ప్రతి కాకుండా రాతప్రతిని అనుసరించినది చూసి తీసుకోండి. గుర్తుపట్టడం తేలిక: 'బిద్వో' మొదటి బార్ కింద రెండు 'ఎఫ్' అక్షరాలు (చాలా గట్టిగా అని గుర్తు) ఉండాలి.